సీసాలో తేట నీళ్లు

మిషన్లంటే నాకు మొదటినుంచీ అనుమానమే. నల్గొండ నీటి పరీక్షల ల్యాబులో ఇరవై ఏళ్లకు పైగా నా కళ్లను నమ్ముకొని పనిచేశాను. నీళ్లలో మందు చుక్కలు వేస్తే ఎరుపు రంగు వచ్చేది. ఫ్లోరైడ్ ఎక్కువున్నకొద్దీ ఆ ఎరుపు పసుపులోకి పాలిపోయేది. రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు కొత్త మిషను దించారు. గ్లాసులు వరుసగా పెట్టి మీట నొక్కితే చాలు, అదే ఒక్కో గ్లాసులో కడ్డీ ముంచి, అంకె కాగితం మీద కొట్టేది. రంగు చూపించదు, కారణం చెప్పదు. దాన్ని ఎట్లా నమ్మేది?

ఒక పొద్దున నార్కట్‌పల్లి దిక్కు నుంచి ఒకామె సీసాతో వచ్చింది. ఊళ్లో కృష్ణ నీళ్ల పైపు పగిలి వారమైందట. ఎప్పుడో వదిలేసిన పాత బోరును మళ్లీ కొడుతున్నారట. ఇంట్లో ఐదేళ్ల మనుమరాలుంది. ఆ పిల్లకు మాత్రం పక్కూరి నుంచి బిందె మోసుకొస్తోంది. బోరు నీళ్లు పిల్లకు తాగించవచ్చా లేదా అన్నదే ఆమె ప్రశ్న.

మిషను ఆ నీళ్లు మంచివే అంది. "తాగొచ్చమ్మా" అని ల్యాబు చూసుకునే మా మేడమ్ చీటీ రాసిచ్చింది. సీసా తెచ్చినామె అక్కడే బిడ్డకు ఫోన్ కొట్టింది. "పొల్లకు బోరు నీళ్లే పొయ్యే, ఫికర్ లేదు!" అని నవ్వింది. అప్పుడు చూశాను ఆమె పళ్లు. నా పళ్ల లాగే ఫ్లోరైడ్ పట్టిన గోధుమ చారలు. ఆ బోరు నీళ్లు తాగి పెరిగిన పళ్లు అవి!

నాకు ఒళ్లు మండింది. "జర ఆగమ్మా" అని సీసా లాక్కున్నాను. మళ్లీ మిషన్‌లో పెట్టాను. అదే అంకె. ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసిన నీళ్లు పెట్టి మిషన్‌నే పరీక్షించాను. తప్పు చెప్పలేదు, పాడుది.

"మిషన్ మీద మీకేం పగ సార్?" అని మేడమ్ నవ్వింది.

బీరువాలోంచి పాత మందు తీసి చుక్కలు వేశాను. ఎరుపు ఎరుపుగానే నిలిచింది. ఇక నా కళ్ల మీదే నాకు అనుమానం వచ్చింది.

"ఈ నీళ్లు ఎట్ల పట్టినవమ్మా?" అని చిరాగ్గా అడిగాను.

"మంచిగనే పట్టిన సారూ. బోర్ల ఎర్రమట్టి వస్తాంది. ఆఫీసుకు గలీజు నీళ్లు పట్కస్తె మర్యాదనా? పటిక గడ్డ ఏసి రాత్రంత పెట్టి, పైన తేట వంపుకొచ్చిన."

పటిక మట్టిని అడుగుకు దించేటప్పుడు ఫ్లోరైడ్‌ను కూడా చాలావరకు పట్టుకుపోతుంది. మా జిల్లాలో నీళ్లు బాగుచేసే పాత పద్ధతే అది.

"ఇంట్ల తాగే నీళ్లకు కూడా పటిక ఏస్తరా?"

"ఇంటి నీళ్లకు పటికెందుకు సారూ? బట్టతోని వడగట్టుడే."

"ఫోన్ చెయ్యి! పిల్లకు పొయ్యొద్దని చెప్పు!" అని అరిచాను. ఆమె మళ్లీ బిడ్డకు ఫోన్ కలిపింది. అవతల బిడ్డ ఏం చెప్పిందో వినబడలేదు. "తాగిందట" అని ఆమె గోడకు ఆనుకొని కూర్చుంది.

మర్నాడు బోరు నీళ్లను మట్టి మట్టిగానే పట్టి తెచ్చింది. మిషను హద్దు దాటిన అంకె కొట్టింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీకు మంచియి తెచ్చిన. పోరికి గా మట్టినీళ్లే పోయించిన" అంది.

ఇరవై ఏళ్లలో రంగు చూసి "తాగొచ్చు" అని ఎన్ని చీటీలు రాసిచ్చానో! సీసా తెచ్చిన వాళ్లలో ఒక్కరినైనా ఎట్లా పట్టారని నేను అడగలేదు.