గురి తప్పిన గ్లాసుడు నీళ్ళు

నా చిన్నప్పుడు నాకు దొరికిన చదువు ఐదు నెలలు. ఆ తర్వాత మిరపకాయ కోతలు వచ్చాయి. కూలీలు చాలడం లేదు, దీన్ని చేలోకి పంపండి అంది మా పెద్దమ్మ. మా నాన్న అన్నగారి మాట దాటడు, అన్నగారు పెద్దమ్మ మాట దాటడు. కోతలయ్యాక మళ్ళీ బడికి పంపుతారనుకున్నాను. పంపలేదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు అరవై ఏళ్ళు దాటింది అందుకే. ఇంకా వేరే కారణాలు కూడా ఉన్నాయంటారు మా వాళ్ళు. నేను ఒప్పుకోను.

మాది పెనుగొలను. ఒకే వాకిలి, రెండు పొయ్యిలు. ఒకటి అమ్మది, ఒకటి పెద్దమ్మది. ఆవకాయ మాత్రం కలిపే పెట్టేవాళ్ళు. ఆ ఏడు మా తోటలో కాయలు కోసి, ముక్కలు కొట్టి, కారం, ఆవపిండి కలుపుతున్న రోజున, బియ్యం బస్తా వెనక నేను దాచుకున్న వాచకం పెద్దమ్మ కంటబడింది. కాగితాలు ఒక్కొక్కటే చించి, చేతులకంటిన నూనె తుడుచుకుంది. "ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చిందే నీ పుస్తకం!" అంది. అందరూ నవ్వారు. అమ్మ తల వంచుకుని మెంతులు దంచుతూనే ఉంది.

నాకు ఏడుపు రాలేదు. ఆవకాయకి తడి తగిలితే బూజు పడుతుందని మా ఇళ్ళల్లో పాకే పిల్లకి కూడా తెలుసు. మూడో రోజు తిరగకలిపేదాకా రెండు జాడీలూ మా నాయనమ్మ గదిలోనే ఉంటాయి. రెండూ ఒక్క తీరువే. ఏది ఎవరిదో తెలియడానికి పెదనాన్న వాటి మీద సున్నంతో పేర్లు రాసేవాడు. పెద్దమ్మ జాడీ ఎప్పుడూ తలుపు పక్కనే ఉంటుంది. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నప్పుడు వెళ్ళి, మూతికి కట్టిన వాసెనగుడ్డ విప్పి, గ్లాసుడు నీళ్ళు పోసి, మోచేతిదాకా చెయ్యి పెట్టి కలిపాను. పేర్ల వంక చూడకపోలేదు. చూశాను. ఐదు నెలల్లో నేర్చుకున్నవి అప్పటికే చెదిరిపోయాయి.

మూడో రోజు పెదనాన్న పేర్లు చదివి జాడీలు పంచాడు. తలుపు పక్క జాడీని మా అమ్మ ఎత్తుకుని తన వంటింటికి నడిచింది. ముందురోజు నేను నీళ్ళు పోయకముందే గది అలికి వాటిని అటూ ఇటూ మార్చారట.

పది రోజులకి తెల్లగా బూజు లేచింది. పెద్దమ్మ వాకిట్లో నిలబడి, నలుగురూ వినేలా అమ్మతో, "ఏడాది తిండి మట్టిపాలు చేశావు కదే! ఆ చేతులేం చేతులే!" అంది. ఆ ఏడాదంతా గిన్నె పట్టుకుని పెద్దమ్మ గుమ్మంలో నిలబడాల్సింది అమ్మే. చెప్పేద్దామని నేను అడుగు ముందుకు వేశాను. అంతలో నాయనమ్మ నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగి, "దాన్నెందుకంటావు? ఉప్పు చూద్దామని తడి గరిటె పెట్టింది నేను" అంది. అత్తగారిని ఏమీ అనలేక పెద్దమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత నాయనమ్మ నన్ను దొడ్లోకి తీసుకెళ్ళింది. మోచేతిదాకా ఎర్రబారిన నా చెయ్యి ఆవిడ ఆ రోజే చూసిందట. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "కోపం మానుకోమని చెప్పనే. ఉంచుకో. కానీ గురి చూసుకో. ఆ రాసింది చదవడం వస్తే ఈ దెబ్బ మీ అమ్మకి తగిలేదా?" అంది. ఆవిడకీ చదువు రాదు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత గుర్తొచ్చి, ఆవిడ ఎవరి మీద ఎంత కోపం దాచుకుందో అనిపించింది.

కాలం అన్నీ మాన్పుతుందంటారు. నాకేమీ మాన్పలేదు. పెళ్ళి, పొలం, పిల్లలు, పురుళ్ళు, అన్నీ వచ్చి వెళ్ళాయి. కోపం మాత్రం నన్ను విడిచి ఎక్కడికీ పోలేదు. చేతికందిన వాళ్ళ మీద దాన్ని విసరకుండా ఉండడం ఒక్కటే నేర్చుకున్నాను. కోడలి మీద విసరలేదు, మా ఆయన మీద విసరలేదు. నాయనమ్మ ఇచ్చినదాంట్లో ఇప్పటికీ నా దగ్గరున్నది అదే.

రెండేళ్ళ కింద తిరువూరులో మా పక్కింట్లోకి బట్టలు కుట్టే ఒక సాయిబులమ్మాయి వచ్చింది. కత్తిరింపు గుడ్డముక్కల మీద సుద్దతో నాకు అక్షరాలు దిద్దించింది ఆ అమ్మాయే. "ఆంటీ, మా పాప ఇంత పంతం పట్టి ఉంటే ఈపాటికి కలెక్టరయ్యేది" అని నవ్వేది. పోయిన నెల ఒక సాయంత్రం పేపర్లో ఒక వార్త, మొదటి నుంచి చివరిదాకా, ఎక్కడా ఆగకుండా చదివాను.

మర్నాడు పొద్దున్నే ఆ రోజు పేపరు కొనుక్కుని పెనుగొలను ఆటో ఎక్కాను. పెద్దమ్మ ఇంకా ఉంది. చూపు పోయింది కానీ చెవులు శుభ్రంగా పనిచేస్తున్నాయి. మంచం పక్కన కుర్చీ వేసుకుని, పలకరించకుండా చదవడం మొదలుపెట్టాను. వానలు, మిర్చి ధరలు, టెండర్లు, ఎవరెవరో పోయిన కబుర్లు.

"ఎవరే చదివేది?" అంది.

"నేనే పెద్దమ్మా."

మళ్ళీ చదవసాగాను. తర్వాత పెద్దమ్మ గోడవైపు తిరిగి, "ఇంక చాల్లేవే, గొంతు నొప్పెడుతుంది" అంది.

"నాకేం నొప్పి లేదు. ఇంకా ఆరు పేజీలున్నాయి" అని పేజీ తిప్పాను.