ఒక్క పాయ తేడా

తెలుగువాడు తెలుగువాడికి తెలుగులోనే సలహా చెప్పినా అది దారి తప్పగలదని నిరూపించిన ఘనత నాది. కరోనా సర్దుకుని అమీర్‌పేట హాస్టళ్లు మళ్లీ నిండుతున్న ఏడాది అది. పంజాగుట్టలో ఒక మానసిక వైద్యుడి క్లినిక్‌లో నేను క్లినికల్ సైకాలజిస్టుని. మందులు రాసేది డాక్టరు గారు. మాటలతో, చిన్న చిన్న పనులతో చేసే చికిత్స నా వంతు. ఆయనది మందు, నాది మందలింపు అని మా రిసెప్షనిస్టు అనేది. మాది కాకినాడ. నేను నగరానికి వచ్చి చాలా ఏళ్లయింది గానీ నా తెలుగు ఇంకా రైలు దిగలేదు.

ఒకరోజు సుగుణమ్మ గారు తన భర్త యాదగిరి గారిని తీసుకొచ్చారు. పేర్లు మార్చాను. ఇద్దరూ కలిసి మధురానగర్‌లో అబ్బాయిల హాస్టల్ నడిపేవారు. లెక్కలు ఆమెవి, వంట ఆయనది. లాక్‌డౌన్‌లో హాస్టల్ ఖాళీ అయినప్పుడు మంచమెక్కిన మనిషి, పిల్లలు తిరిగొచ్చినా మంచం దిగలేదు. ఒంట్లో జబ్బేమీ లేదు. డిప్రెషన్ అని తేల్చి డాక్టరు గారు మందులు మొదలుపెట్టారు.

"వంటకు మనిషిని పెట్టిన సార్. పిల్లలు తింటలేరు, ఖాళీ చేసి పోతున్నరు," అన్నారు సుగుణమ్మ గారు. "ఈ నెల చూస్త. ఈయన లేవకపోతే హాస్టల్ ఇంకొకలకు అప్పజెప్పి సిద్దిపేటల మా అక్క దగ్గరికి పోతం. ఆడికి పోతే ఈయన ఇగ లేవనే లేవడు."

"మీరేమంటారండీ?" అని యాదగిరి గారిని అడిగాను.

"అనేటిదేమున్నది సార్. ఆమె అంటున్నది కద," అన్నారాయన, గోడ వైపు చూస్తూ.

మా వృత్తిలో బిహేవియరల్ యాక్టివేషన్ అనే పద్ధతి ఉంది. మనసు కుదుటపడ్డాక పని చేద్దామని రోగి ఎదురుచూస్తుంటాడు. ముందు పని మొదలుపెడితే మనసే దాని వెనకాల వస్తుందని ఈ పద్ధతి చెబుతుంది. స్నానం, నడక, పక్కింటివాళ్లతో రెండు మాటలు, ఏదైనా సరే. చిన్నదై ఉండాలి, రోజూ జరగాలి. నేను పెద్దగా ఆలోచించకుండా సాయంత్రం పూట నడక రాశాను. అమీర్‌పేట ఫుట్‌పాత్‌ల మీద దుకాణాలు నడుస్తాయనీ, మనుషులు నిలబడతారనీ తెలిసి కూడా రాశాను.

మరుసటి వారం యాదగిరి గారు నా టేబుల్ మీద సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ల కరపత్రాల కట్ట పెట్టారు.

"నడవమన్నరు, నడిచిన. మెట్రో కింద అడుగుకొకడు ఆపుతుండు. 'అంకుల్, జావానా, టెస్టింగా?' అంటుండు. ఒక పోరడైతే 'జాబ్ పోయినా ఫికర్ లేదు, మేం పెట్టిస్తం' అని చేతిల పెట్టిండు. పనికిరానోడినని నా మొఖం మీద రాసున్నదా సార్?"

ఆ తర్వాత ఆయన క్లినిక్‌కి రావడం మానేశారు. కాస్త లేచి కూర్చున్న మనిషిని మళ్లీ మంచానికి నడిపించింది నా నడకే. నెల సగం దాటింది. సుగుణమ్మ గారు హాస్టల్ తీసుకునేవాళ్ల కోసం వాకబు చేస్తున్నారని తెలిసి, యాదగిరి గారికే ఫోన్ చేశాను. 'ఉల్లం', అంటే మనసు, బాగుపడటానికి 'ఉల్లి'ని మించిన పని ఏముందని ఆ పూట నాకు తోచింది. శ్లేషలు తోచినప్పుడు నేను ప్రమాదకరమైన మనిషిని.

"మీరెక్కడికీ వెళ్లొద్దండీ. పొద్దున వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉల్లిపాయలు ఒలిచి పెట్టండి, చాలు."

"ఎన్ని?"

"ఓపికున్నన్ని."

వారం తిరక్కుండా సుగుణమ్మ గారు ఒక్కరే వచ్చారు.

"మీరేం జెప్పిండ్రు సార్ ఈయనకు? రోజూ కూసొని ఎల్లిపాయలు ఒలుస్తుండు. డబ్బాలు నిండినయ్. పప్పుల అదే, చారుల అదే. పిల్లలు ముక్కు మూసుకుంటున్నరు."

"నేను ఉల్లిపాయలు అన్నానండీ!"

"ఉల్లిగడ్డలా? గడ్డను గడ్డ అనాలె కద సార్. పాయ అంటే మాకు ఎల్లిపాయనే."

అప్పుడు వెలిగింది. ఆమె ఎల్లిపాయ నా వెల్లుల్లి. నా ఉల్లిపాయ ఆమె ఉల్లిగడ్డ. ఫోన్‌లో నా ఉకారం ఆయన చెవిలో ఎకారమైంది. తప్పు సరిదిద్దుదామని నోరు తెరిచేలోపే ఆమె గొంతు తగ్గించారు.

"ఆపమనాల్నా సార్? నిన్న ఒక పిల్లగానితోని మాట్లాడిండు."

ఉల్లిపాయలైతే నాలుగు ఒలిచేసి మళ్లీ మంచమెక్కేవారు. వెల్లుల్లి అలా కాదు, రెబ్బరెబ్బకీ పొట్టు. గోరు ఆనించాలి, గిల్లాలి, ఒలవాలి. ఆయన గంటసేపు గుమ్మంలో ఉండిపోయేవారు. టిఫిన్ కోసం వచ్చే ప్రతి కుర్రాడూ "జర జరుగు అంకుల్" అనక తప్పేది కాదు. ఒకడు పక్కన చతికిలబడి తనూ ఒలిచాడట.

"ఇయ్యాల ఇంటర్వ్యూ ఉంది అంకుల్. చెయ్యి వాసనొస్తది."

"ఇంటర్వ్యూ నోటితోనా, చేతితోనా రా?"

చాలా నెలల తర్వాత ఆయన వేసిన మొదటి జోకు అదేనని సుగుణమ్మ గారు చెప్పారు. ఆపొద్దన్నాను.

నాలుగు రోజులకు, ఒలిచినవి డబ్బాల్లో రంగు మారుతుంటే యాదగిరి గారే వంటమనిషి మీద లేచారు. "ఇంత కష్టపడి ఒలిస్తె పచ్చడి సుత పెట్టవా? జరుగు!" అని గరిటె లాక్కున్నారు. నెలాఖరుకు సుగుణమ్మ గారు హాస్టల్ వదలట్లేదని బిల్డింగ్ ఓనర్‌కి చెప్పేశారు. మందులు ఇంకా కొన్ని నెలలు నడిచాయి. వెల్లుల్లి ఒక్కటే ఆయన్ని లేపిందని నేననను. కానీ ఆ తర్వాత ఎవరికైనా పని చెప్పేముందు రెండు అడుగుతున్నాను: అది వాళ్లింట్లో చెయ్యి చాపితే అందుతుందా, దాన్ని వాళ్లింట్లో ఏమంటారు?

తర్వాత అసలు సంగతి సుగుణమ్మ గారి ద్వారా యాదగిరి గారికి తెలిసిపోయింది. ఒక ఆదివారం భోజనానికి పిలిచి, నన్ను హాస్టల్ పిల్లలందరి మధ్యా కూర్చోబెట్టారు.

"చూడుండ్రి రా, గీ సార్‌కు మస్తు సదువున్నది గానీ ఉల్లిగడ్డకూ ఎల్లిపాయకూ తేడా తెల్వదు!"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వి, పప్పు కలుపుకున్నాను. అంత మంచి పప్పు నేను కాకినాడలో కూడా తినలేదు.

"ఎట్లున్నది సార్?"

"బాగుందండీ. ఉప్పే ఒక్క పిసరు తగ్గినట్టుంది."

ఆయన మొహం ఎర్రబడింది. గిన్నెలోంచి తీసుకుని నాలుక మీద వేసుకున్నారు. నమ్మకం కుదరక పక్క కుర్రాడి చేత తినిపించారు, భార్యను పిలిచారు. నేను తాపీగా మజ్జిగ దాకా భోంచేశాను.

సాయంత్రం ఫోన్ వచ్చింది. "సార్, అందర్నీ అడిగిన. ఉప్పు సరిపోయింది. నా చేతిల తక్కువైతదా? మీ నాలుకే డాక్టర్‌కు చూపెట్టుకోండ్రి!"

సరిపోయిందని నాకూ తెలుసు. మొన్నటిదాకా ఔననీ కాదనీ అనని మనిషి, చిటికెడు ఉప్పు కోసం ఇంత రోషంతో ఊగిపోతుంటే వినడానికి హాయిగా ఉంది.

"ఏమోనండీ, నాకైతే తక్కువే," అని ఫోన్ పెట్టేశాను.