కాలి మీద వెలుగు

దెయ్యాలన్నా మహిమలన్నా నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. తాడేపల్లిగూడెంలో లేజర్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మీటరు చూపించనిదాన్ని లేనట్టే లెక్కేస్తాను. అందుకే ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా చిరాకు.

షుగర్ వల్ల మానని పుండ్లకు తక్కువ శక్తి లేజర్‌తో చికిత్స చేయడం మా ప్రాజెక్టు. వారానికి మూడు రోజులు పొద్దున్నే రైల్లో ఏలూరు వెళ్లి, ఒక చిన్న క్లినిక్‌లో మిషను నడిపేదాన్ని. చేత్తో పట్టుకునేంత మిషను. దాని కాంతి కంటికి కనపడదు. వేడీ తగలదు, చప్పుడూ రాదు.

కలిదిండి నుంచి వెంకట్రాజు గారని ఒకాయన వచ్చేవారు. చేపల చెరువుల మీద పనిచేసిన మనిషి. షుగర్‌తో రెండు కళ్లూ పూర్తిగా పోయాయి. అరికాల్లో పుండు. సూది గుచ్చినా తెలియనంతగా పాదం మొద్దుబారింది. భార్య మంగమ్మ గారు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవారు. తగ్గకపోతే పాదం తీసేయాల్సి వస్తుందని డాక్టరు గారు ముందే చెప్పారు.

మొదట్లో పుండు బాగా మానుతూ వచ్చింది. తర్వాత ఆగిపోయింది. మిగతా పేషెంట్లకూ అంతే. ఎందుకో అర్థం కాక నాకు పిచ్చెక్కినట్టుండేది.

ఒకరోజు మిషను ఆన్ చేయగానే వెంకట్రాజు గారు, "ఏవండీ, ఇయ్యాల కూడా వెలుగు రావట్లేదండి," అన్నారు.

"ఏ వెలుగండీ?"

"కాలి మీద పెడతారు గదండీ, అదే. పది రోజుల్నుంచి లేదు."

"ఆయనలాగే అంటారమ్మా, మీరు కానియ్యండి," అన్నారు మంగమ్మ గారు.

మిషను మీద పచ్చ లైటు వెలుగుతోంది. అంకెలు సరిగ్గానే ఉన్నాయి. "వస్తోందండీ, కదలకండి," అన్నాను విసుగ్గా.

మర్నాడు మనసాగక ల్యాబ్ నుంచి కాంతిని కొలిచే పవర్ మీటరు పట్టుకెళ్లి పెట్టి చూశాను. సున్నా. లోపల కాంతినిచ్చే డయోడ్ పోయింది. అన్నాళ్లూ అందరి పుండ్ల మీదా ఉత్త చీకటే పెట్టాను.

కొత్త డయోడ్ వేయించాక ఆయన్ని పరీక్షించాను. వైరుతో బయటికి తీసిన స్విచ్ నర్సు చేతిలో, తెర వెనక. మిషను మీది పచ్చ లైటూ అంకెలూ కనపడకుండా ప్లాస్టరు అంటించాం, ఎప్పుడు వేస్తుందో నాకూ తెలియదు. పదిహేనుసార్లు అడిగాను. "ఉందండి," "లేదండి" అంటూ వచ్చారు. నర్సు రాసుకున్నదాంతో సరిచూస్తే ఒక్కటీ తప్పు పోలేదు.

"ఎలా తెలుస్తోందండీ మీకు?"

"ఏం చెప్తానండి. తెల్లారినట్టుంటదండి."

మా గైడ్ ఆ కాయితం చూసి, "ఇది థీసిస్‌లో పెట్టకమ్మా. మళ్లీ చేసి చూపించు," అన్నారు.

ఈలోపు పుండు మానిపోయింది. పాదం దక్కింది. ఆయన రావడం మానేశారు. మిషను, మీటరు సంచిలో పెట్టుకుని కలిదిండి వెళ్లాను. వాళ్ల వరండాలో మళ్లీ పదిహేనుసార్లు. ప్రతిసారీ "లేదండి" అనే అన్నారు. మీటరు మాత్రం కాంతి చూపిస్తూనే ఉంది.

"మానిపోయింది గదండీ, ఇంక కనపడదేమోనండి," అన్నారాయన, నాకేదో నష్టం చేసినట్టు నొచ్చుకుంటూ.

తిరుగు బస్సులో ఏడుపొచ్చింది. వేడి కాదు, చప్పుడు కాదు, కళ్లు కాదు. పుండుతో చూశారా అంటే నాకే నవ్వొస్తుంది. మరి దేనితో చూశారు?