ఓదెలు కాక పాటల ఫోను

పోయిన ఆదివారం మా అమ్మాయికి ఫోను కొనడానికి గోదావరిఖని వెళ్ళాం. ఫొటోలు ఎలా వచ్చినా సరే, పాటలు మాత్రం బాగా వినబడాలని దాని పట్టు. దుకాణంలో ఒకావిడ కొత్త ఫోను తీసి పాట పెట్టింది. మా అమ్మాయి తల పక్కకి వంచి చెవి దగ్గర పెట్టుకుంది. నేను మాత్రం, ఎవరూ అడగకుండానే, చెయ్యి చాచి ఆ ఫోను వీపుకు ఎడమ అరచెయ్యి ఆనించాను. సన్నగా జిలపెట్టినట్టు ఉంది తప్ప చేతికి ఇంకేమీ అందలేదు. "దీంట్ల డోలు లేదు" అన్నాను. ఆవిడ తెల్లబోయి మా అమ్మాయిని చూసింది. "మా నాన్న బాయిల సర్దార్" అని చెప్పింది మా అమ్మాయి, అదేదో జబ్బు పేరైనట్టు. జబ్బే అనుకున్నా, అది నాకు అంటించినవాడు ఓదెలు కాక.

బొగ్గుబాయిలో సర్దార్ అంటే ఏమిటో తెలియని వాళ్ళకు కొంచెం చెప్పాలి. షిఫ్టు మొదలవగానే, మేము పని చేయబోయే చోటికి అందరికంటే ముందు వెళ్ళేది ఆయనే. చివర ఇనుప పొన్ను వేసిన కర్రతో పైకప్పును తడతాడు. రాయి గట్టిదైతే ఖంగుమంటుంది. లోపల ఎక్కడైనా విడిపోయి ఉంటే పగిలిన కుండ మీద కొట్టినట్టు డొల్లగా పలుకుతుంది. ఖంగుమంటే మమ్మల్ని లోపలికి పంపుతాడు, డొల్లగా పలికితే ఆ రాయిని దింపించడమో, కింద ఆసరాగా కర్ర దిమ్మె నిలబెట్టించడమో చేస్తాడు. అంటే మా అందరి తలకాయలూ ఆయన చెవిలో ఉంటాయన్నమాట. ఓదెలు కాక చెవి మీద మాకు ఎంత నమ్మకమంటే, ఆయన సరే అన్న చోట కూర్చుని సద్ది తినమన్నా తినేవాళ్ళం.

పొడుగు మనిషి. మేము పని చేసే చోట పైకప్పు చెయ్యెత్తితే అందేది, కాక అయితే కొంచెం వంగే నడిచేవాడు. కుడిచేత్తో కర్ర పట్టి కొడుతున్నప్పుడల్లా ఎడమచెయ్యి ఎత్తి పైకప్పుకు ఆనించి నిలబడేవాడు. పాపం నడుం నొప్పి, ఆసరా కోసం పట్టుకుంటున్నాడని మేము అనుకునేవాళ్ళం. ఒకసారి నేను ఉండబట్టలేక నొప్పుల నూనె సీసా కొనుక్కొచ్చి ఇచ్చాను. తీసుకున్నాడు. ఆ నూనె ఆయన భార్య లచ్చవ్వ మోకాళ్ళకు రాసుకుందని తర్వాత తెలిసింది.

మా నాయన ఒంట్లో బాగాలేక డ్యూటీ మానేస్తే ఆయన బదులు నేను చేరాను. చేరిన మొదటి వారంలోనే కాక నన్ను పక్కకు పిలిచి, పైకప్పు మీద ఒక్కటేసి, ఏం చప్పుడు వచ్చిందో చెప్పమన్నాడు. ఠక్కుమందని చెప్పాను. కర్రతో కొడితే ఠక్కుమనక పాట పాడుతుందా అని చీవాట్లు పెట్టి, గట్టిదో డొల్లదో తేలేవరకూ మళ్ళీ మళ్ళీ కొట్టి అడిగాడు. ఆ రోజు నుంచి ప్రతి షిఫ్టులో, ప్రతి చోటా అదే ప్రశ్న. పక్క షిఫ్టు సర్దార్లు కొట్టేవాళ్ళు, తలూపేవాళ్ళు, పొమ్మనేవాళ్ళు. మా కాక ఒక్కడే ఇలా కూర్చోబెట్టి చదువు చెప్తాడని, ఇంత ఓపిక ఉన్న మనిషి బడిలో పంతులు కావాల్సినవాడని నేను ఇంట్లో గొప్పగా చెప్పేవాడిని.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. మనం ఏదైనా చెప్పబోతే నెత్తిమీది ల్యాంపు వెలుగు సూటిగా మన నోటి మీద పడేలా తల తిప్పేవాడు. గుట్కా నములుతున్నామేమో చూస్తున్నాడని మా అందరికీ భయం. ఆ భయంతోనే మా షిఫ్టులో ముగ్గురు గుట్కా పూర్తిగా మానేశారు. వాళ్ళలో ఒకడి భార్య బోనాలప్పుడు కాక ఇంటికి వచ్చి చీర కొంగు పట్టుకుని దండం పెట్టి వెళ్ళింది. దండం ఎందుకు పెట్టిందో తెలియక ఆయన రెండు రోజులు మమ్మల్ని అడుగుతూ తిరిగాడు.

ఆయన రిటైర్ కావడానికి మూడు నెలలు ఉన్నాయనగా, ఏం ఇద్దామని షిఫ్టంతా మాట్లాడుకున్నాం. మా దగ్గర రిటైరయ్యే మనిషికి గోడ గడియారం ఇవ్వడం ఆనవాయితీ. కాక దానికి ఒప్పుకోలేదు. "షిఫ్టే లేనోనికి గడియారమెందుకురా? పాటలినే ఫోను కొనియ్యిండ్రి" అన్నాడు. సెంటినరీ కాలనీలో పాటల పిచ్చోడిగా నాకు కొంత పేరుంది. ఏ పాటలో తబలా ఎక్కడ మొదలవుతుందో నిద్రలో అడిగినా చెప్తానని గప్పాలు కొట్టే వయసు. అందుకని కాకతో వెళ్ళి ఫోను ఎంపిక చేసే బాధ్యత నా మీద పెట్టారు.

మెయిన్ రోడ్డులో ప్రసాద్ గారిదని ఒక దుకాణం ఉండేది. వాళ్ళ తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు, మాట మాత్రం అక్కడిదే. కాక మొదటి ఫోను చేతికి అందుకోగానే వేలి కణుపుతో అద్దం మీద టకటకా కొట్టాడు. ప్రసాద్ గారు కౌంటరు మీదికి వంగిపోయారు.

"బాబాయ్ గారూ, అలా కొడితే పగిలిపోద్దండీ."

"పగిలేదైతె ఇప్పుడే పగలనీ. కొన్నంక పగిలితె ఎవ్వలకు చెప్పాలె?"

అలా రెండు ఆదివారాలు గడిచాయి. దుకాణంలో ఉన్న ఫోన్లన్నిటినీ కాక కొట్టాడు, ఊపాడు, అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ప్రతి ఫోనుకీ నా వైపు తిరిగి, బాయిలో అడిగినట్టే, ఏం చప్పుడు వస్తోందో చెప్పమన్నాడు. నేను బేస్ గురించి, ట్రెబుల్ గురించి నాకు తెలిసినదీ తెలియనిదీ కలిపి ఉపన్యాసం ఇచ్చేవాడిని. ఆయన నా నోటివైపే చూస్తూ శ్రద్ధగా వినేవాడు. అంత శ్రద్ధగా నా మాట మా ఇంట్లో ఎవరూ విని ఎరగరు.

మూడో ఆదివారం ప్రసాద్ గారు విసిగిపోయి, పెద్ద హెడ్‌ఫోను తెచ్చి కాక చెవులకు తగిలించారు. ఒగ్గు కథ పెట్టమన్నాం. అంతలో ఇంకెవరో పిలిస్తే ఆయన అటు వెళ్ళారు. కాక కళ్ళు మూసుకుని తల ఊపడం మొదలుపెట్టాడు. కాలితో తాళం కూడా వేస్తున్నాడు. ముచ్చటేసి చూస్తుంటే నా కన్ను కిందికి పోయింది. హెడ్‌ఫోను వైరు కొస ఆయన మోకాలి దగ్గర వేలాడుతూ ఊగుతోంది. ఫోను కౌంటరు మీద ఉంది. ప్రసాద్ గారు వైరు ఇంకా పెట్టనే లేదు. కాక కళ్ళు తెరిచి, "మంచిగుంది, జర రేటెక్కువనుకుంట" అన్నాడు.

నాకు మొదట నవ్వొచ్చింది. ఆ తర్వాత బాయి పైకప్పు గుర్తొచ్చింది. ఆయన్ని పక్కనే ఉన్న చాయ్ హోటలుకు తీసుకెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. వైరు పెట్టలేదన్న సంగతి చెప్పాను. కాక చాయ్ ఊదుకుంటూ, ఎడమ చెవి పోయి మూడేళ్ళవుతోందనీ, కుడి చెవి మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితేనే కొంచెం అందుకుంటుందనీ చెప్పాడు. ఆఖరి వైద్య పరీక్ష అయిపోయాక మందగించిందట. ఇప్పుడు బయటపడితే మిగిలిన మూడు నెలలూ పైన ఏదో గదిలో కుర్చీ వేసి కూర్చోబెడతారు. యవ్వనంలో కిందికి దిగిన మనిషికి అంతకంటే అవమానం లేదు. కానీ నా భయం నాది. ఇన్నాళ్ళూ ఆ చెవిని నమ్ముకుని నేను పైకప్పు కింద నిలబడ్డాను. మరి పైకప్పు సంగతేమిటని గట్టిగానే అడిగాను.

"చేత్తోని ఇంటరా. ఒక చెయ్యి కొడ్తది, ఇంకొకటి ఇంటది" అన్నాడు, ఎడమ అరచెయ్యి నాకు చూపించి. "చేతికి తెలువనిది నీ చెవికి తెలుస్తదని నిన్నడిగిన. నా చెయ్యి నీకు లేదు, నీ చెవి నాకు లేదు గద. రెండు ఔనంటెనే లోపటికి తోలిన. ఒక్కటి కాదన్నా దిమ్మె పెట్టిచ్చిన. నీకు సదువు చెప్తున్న అనుకున్నవా?"

నిజంగానే అలా అనుకున్నాను. ల్యాంపు వెలుగు నోటి మీద ఎందుకు వేసేవాడో, నడుం నొప్పి ఏమిటో అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. గుట్కా మానేసిన ముగ్గురూ గుర్తొచ్చి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మేనేజరు సారుకు చెప్పాలనుకుంటే చెప్పమన్నాడు కాక, అడ్డం రానన్నాడు. అంతకుముందు రేపొక్క రోజు చెవుల్లో దూది పెట్టుకుని రమ్మన్నాడు.

మర్నాడు మొదటి షిఫ్టులో చెవులు నిండా దూది కుక్కుకుని ఆయన పక్కన నిలబడ్డాను. నా ఎడమచెయ్యి పైకి లాగి రాయికి ఆనించి కర్రతో కొట్టాడు. ఏమీ తెలియలేదు, కొండను పట్టుకున్నట్టు ఉంది. నాలుగడుగులు పక్కకు జరిపి మళ్ళీ కొట్టాడు. ఈసారి అరచేతిలో రాయి గజగజమంది. నేను చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కాక నవ్వి అక్కడ సున్నంతో గీత గీశాడు. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం తప్పేనని ఈ రోజు సర్దార్‌గా నాకు అనిపిస్తుంది. ఆ రోజు మాత్రం ఒక్కటే చేశాను, ఆ మూడు నెలలూ ఏ చోటా ఆయన్ని ఒంటరిగా తట్టనివ్వలేదు.

నాలుగో ఆదివారం ఎంపిక తీరు మారింది. ఇద్దరం ఒకే ఫోనును రెండు వైపులా పట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడేవాళ్ళం. ప్రసాద్ గారు మా ఇద్దరికీ మంచినీళ్ళు తెప్పించారు. ఆఖరికి అట్టడుగు అరలో నుంచి ఒక లావాటి ఫోను తీశారు. ఒగ్గు కథ డోలు మోగగానే దాని వీపు దద్దరిల్లింది. కాక మొహం వెలిగిపోయింది. నా చెవికి మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది. ఎలా ఉందని అడిగితే, ఆయన సంతోషం చూసి, బాగుందన్నాను. కాక నన్ను గడప దగ్గరికి, వెలుగులోకి లాగి నా మొహంలోకి చూశాడు.

"చప్పుడు సంగతిల అబద్ధమాడకు. ఫోనుకైనా సరే."

బాగాలేదని ఒప్పుకున్నాను. ఆ ఫోను అక్కడే వదిలేసి, ఇంకో రెండు దుకాణాలు తిరిగాక, ఆయన చేతికీ నా చెవికీ కుదిరినది ఒకటి దొరికింది. ప్రసాద్ గారు నాతో నెల రోజులు మాట్లాడలేదు.

ఆఖరి రోజు పైన దండలు, బ్యాండు మేళం సిద్ధంగా ఉన్నాయి. లచ్చవ్వ కొత్త చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. జల్ది పైకి పంపమని మాటిమాటికీ కబురు వస్తోంది. కింద ఒక్క చోటు మిగిలింది. కాక కర్ర నా చేతికిచ్చి, "ఇయ్యాల నువ్వు కొట్టు, నేనింట" అని ఎడమచెయ్యి పైకప్పుకు ఆనించాడు. కొట్టాను. మంచిగుందని తలూపాడు. నా చెవికి మాత్రం ఖంగుమన్న చప్పుడు అడుగున ఎక్కడో సన్నగా బోలు వినిపించింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ అదే. ముప్పై ఏళ్ళ చెయ్యి మంచిదంటోంది. పైన బ్యాండు ఎదురుచూస్తోంది. ఒక్క అబద్ధం ఆడితే ఆయన గంటలో దండలతో ఇంటికి వెళ్తాడు. ల్యాంపు వెలుగు నా నోటి మీదికి తిరిగింది.

"డొల్ల, కాకా" అన్నాను.

ఆయన చొక్కా చేతులు మడిచి, దిమ్మె తెమ్మని కేకేశాడు. కోసి, నిలబెట్టి, చీలలు బిగించేసరికి చాలా సేపు పట్టింది. మేము పైకి వచ్చేసరికి బ్యాండు వాళ్ళు ఇంకో పెళ్ళి ఉందని వెళ్ళిపోయారు. దండలు వాడాయి. లచ్చవ్వ అందరి ముందూ కడిగిపారేసింది. కాక ఆ తిట్లేవీ వినబడనట్టు నా భుజం మీద చెయ్యి వేసి నవ్వుతూ నిలబడ్డాడు. నిజానికి వినబడలేదు కూడా. ఆ రాయి ఎన్నడూ పడలేదు, ఆ దిమ్మె లేకపోతే పడేదో లేదో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత ఎప్పుడు వాళ్ళ ఇంటికి వెళ్ళినా కాక మంచం మీద పడుకుని, ఛాతీ మీద ఫోను, దాని మీద అరచెయ్యి పెట్టుకుని ఒగ్గు కథ వింటూ ఉండేవాడు. డోలు వీధి చివరి దాకా వినబడేది. పక్క క్వార్టర్ల వాళ్ళు వచ్చి మొత్తుకుంటే, మీకు కూడా ఇనవడ్తందా అని సంతోషంగా అడిగేవాడట. రెండేళ్ళ కింద పోయాడు. ఆయన లేని లోటు నాకు పాట వింటున్నప్పుడే ఎక్కువ తెలుస్తుంది.

ఇప్పుడు ఆ కర్ర నా చేతిలో ఉంది. నా రెండు చెవులూ బాగానే పని చేస్తున్నాయి. అయినా ప్రతి షిఫ్టులో, ప్రతి చోటా, పక్కన ఎవరుంటే వాళ్ళను ఆపి, ఏం చప్పుడు వచ్చిందో అడుగుతాను. సర్దార్ ఎంత ఓపికగా నేర్పిస్తున్నాడో అని వాళ్ళు ఇంట్లో చెప్పుకుంటున్నారని విన్నాను. నేను సవరించలేదు. ఎడమచెయ్యి పైకప్పుకు ఆనించి, కుడిచేత్తో ఒక్కటి కొట్టి, ల్యాంపు వెలుగు వాళ్ళ నోటి మీదికి తిప్పి, చెప్పేదాకా ఆగుతాను.