తోడికోడలి కోర్సు

కుట్టు శిక్షణ కేంద్రంలో ఆవిడను అందరూ టేపు టీచరు అనేవాళ్లు. మెడలో కొలత టేపు లేకుండా ఆవిడను ఎవరూ చూడలేదు. నిద్రలోనైనా తీస్తుందా అని ఊళ్లోవాళ్లు భర్తను ఆటపట్టించేవారు. ఏళ్ల తరబడి అక్కడ ఆవిడ గీసిందే గీత.

అలాంటిది, కొత్త కోర్సు తయారుచేసే పని మేనేజరు ఆవిడకు కాకుండా ఆవిడ తోడికోడలికి అప్పగించాడు. ఆ తోడికోడలికి కుట్టు నేర్పింది ఎవరు? ఈవిడే! సూదిలో దారం ఎక్కించడం రాని పిల్లను ఇంతదాన్ని చేస్తే, ఇప్పుడు నెత్తికెక్కి కూర్చుంటుందా? కోర్సు గనక నిలబడితే కిటికీ పక్కన తన పెద్ద బల్లా, దాంతోపాటు క్లాసూ చిన్నదాని పాలవుతాయి. టేపు టీచరుకు ఒళ్లు మండిపోయింది.

"నేను చెప్పే పద్ధతికి ఏం రోగం?" అని వంటింట్లోనే నిలదీసింది. "మిషను భాగాలు, గుడ్డల రకాలు, కొలతలు, అన్నీ వరసగా చెప్తున్నాగా!"

"రోగమని కాదక్కా. నేను చివర్నుంచి మొదలుపెట్టా. కోర్సు అయ్యేసరికి పిల్లలకి ఏం చేతనవ్వాలి? ఒక మనిషికి సరిపోయే కోటు కుట్టడం. పరీక్ష అదే. దానికి అక్కర్లేని పాఠాలు తీసేశా. మొదటి రోజే గుడ్డా కత్తెరా ఇచ్చేస్తా."

"వేలు తెగితే అదీ నువ్వే కుడతావా?"

తోడికోడలు నవ్వేసింది. "ముందు ఏమీ రానివాళ్లెవరితోనైనా చేసి చూడాలక్కా. వాళ్లెక్కడ తడబడితే అక్కడ పాఠం మార్చుకుంటా. ఎవరైనా ఉన్నారా?"

"మా అమ్మాయిని తీసుకో" అంది టేపు టీచరు, ఎక్కడలేని ప్రేమ ఒలకబోస్తూ.

కూతురికి కుట్టు నేర్పబోయి ఆవిడ ఎప్పుడో చేతులెత్తేసింది. ఈ పిల్లతో పెట్టుకుంటే ఎంతటి కోర్సయినా మట్టికొట్టుకుపోవాల్సిందే. కన్నకూతురు ఓడిపోవాలని కోరుకునే తల్లి ఉంటుందా అంటారేమో. ఉంది, ఇదిగో ఈవిడే!

అమ్మాయి కోటుకు మొదటి చెయ్యి తిరగేసి అతికించిన రోజు టేపు టీచరు కడుపు నిండా అన్నం తింది. మర్నాడు తోడికోడలు ఆ పాఠాన్ని రెండు ముక్కలు చేసింది, ముందు కాగితం మీద, తర్వాత గుడ్డ మీద. చెయ్యి కుదిరింది. ఇక ఇంట్లో పొద్దస్తమానం పిన్ని ఇలా అంది, పిన్ని అలా అంది!

"నేను చూపించినప్పుడు ఎందుకు రాలేదే నీకు?" అని ఉండబట్టలేక అడిగింది.

"నేను తప్పు కుట్టగానే లాక్కుని నువ్వే కుట్టేసేదానివి. పిన్ని చేతులు కట్టుకుని కూర్చుంటుంది. విప్పుకుని మళ్లీ నేనే కుట్టుకోవాలి."

టేపు టీచరు మెడలో టేపు సర్దుకుంది.

"పరీక్షకి ఎవరికి కుడతావని అడిగిందమ్మా పిన్ని. బాగా వంకలు పెట్టే మనిషి కావాలంది. నిన్ను చెప్పా. సరిపోయిందని నువ్వంటేనే కోర్సు పాసైనట్టు."

ఇంకేం కావాలి! టేపు టీచరు మారు మాట్లాడకుండా కొలతలిచ్చింది.

పరీక్ష రోజు మేనేజరు ఎదుట, అద్దం ముందు కోటు తొడుక్కుంది. కాలరు కొనలు రెండూ సమానం. భుజాల దగ్గర ముడత లేదు. ఎంత వెతికినా వంక దొరకదే!

"ఛాతీ దగ్గర పట్టేస్తోంది" అంది బిగిసిన గొంతుతో.

నిజంగానే గుండీలు లాగేస్తున్నాయి. మేనేజరు పెదవి విరిచాడు. తోడికోడలి మొహం పాలిపోయింది. అమ్మాయి మాత్రం దగ్గరకొచ్చి, గుండీ కింద వేలు పెట్టి చూసి, పైకి లేచిన తల్లి భుజాల వంక చూసింది.

"అమ్మా, ఊపిరి వదులు."

"ఏంటే?"

ఆ ఒక్క మాటతో బిగబట్టిన గాలంతా బయటికి పోయింది. గుండీలు ఎక్కడివక్కడ కూర్చున్నాయి.

"టేపు పెడితే చాలు, మనుషులు ఛాతీ ఉబ్బిస్తారు. ఊపిరి వదిలేదాకా ఆగాలి."

"ఇది కూడా మీ పిన్ని కనిపెట్టిందా?"

"పిన్నికి నువ్వే నేర్పావట కదా. పాఠం మొదట్లో ఆ మాటే చెప్పింది."

తోడికోడలు తలొంచుకుని నిలబడింది.

"ఏమంటారు టీచర్?" అన్నాడు మేనేజరు.

"సరిపోయింది."

అమ్మాయి ఒక్క గెంతులో వెళ్లి పిన్నిని వాటేసుకుంది. టేపు టీచరు అదంతా అద్దంలో చూస్తూ కోటు విప్పబోయి ఆగింది. సాయంత్రం దాకా దాన్ని ఒంటి మీదే ఉంచుకుంది.