గంధం పూసిన గేమ్ రిమోట్

ఆ రోజుల్లో నేను నోరు తెరిస్తే మా ఇంట్లో అదొక వార్త. ఇంటర్ పరీక్షలు రాసేసి, ప్రొద్దుటూరులోని మా చీరలంగడి వెనక గదిలో కథల పుస్తకాలు చదువుకుంటూ, మనుషులతో అనలేనివన్నీ డైరీతో అనుకుంటూ బతికేస్తున్న కాలం. నాన్న నన్ను బీకాంలో చేర్చి అంగడి లెక్కలు అప్పగించాలనుకున్నాడు. నాకేమో కంప్యూటర్ డిగ్రీ మీద మనసు. ఆ మాట నాన్నతో చెప్పలేక, జమ్మలమడుగు నుంచి వచ్చిన మేనత్త చెవిలో వేశాను. (మా ఇంట్లో తీర్పు చెప్పేది నాన్న, దాన్ని కొట్టేసేది అత్త.)

అత్త నన్ను ఎగాదిగా చూసింది. "కంప్యూటర్లు సదువుతావా? సరే. చిన్నప్పుడు నేనూ మీ నాయనా టీవీకి తగిలించి ఒక ఆట ఆడుకుంటాంటిమి. ఆ పెట్టె ఎప్పుడో చచ్చిపాయ. దాన్ని బతికించు. వచ్చే వారం వస్తా. ఆడిపిస్తే మా అన్నతో నేనే చెప్తా. లేదంటే కిక్కురుమనకుండా బీకాంలో చేరు."

పెట్టెను బతికించనక్కర్లేదని ఇంటర్నెట్టులో చదివాను. ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం ఉంటుంది. అది కంప్యూటర్‌ను పాత ఆటల పెట్టెలా నటింపజేస్తుంది. ఆట వేరే ఫైలుగా ఉంటుంది, దాన్ని తెరిస్తే చాలు. అంగడి బిల్లింగ్ కంప్యూటర్లోనే అన్నీ ఎక్కించాను. సెల్‌ఫోన్ల అంగడిలో ఒక గేమ్ రిమోట్ కొన్నాను. అత్త వచ్చే రోజు పొద్దున దాన్ని తగిలించగానే స్క్రీన్ మీద ప్రశ్నలు మొదలయ్యాయి. 'ఎడమకు ఏ మీట? కుడికి ఏ మీట? ఎగరడానికి ఏ మీట?' నేను వేలు కదిపేలోపే అన్నిటికీ జవాబులు నిండిపోయి, ప్రశ్నల డబ్బా దానంతటదే మూసుకుంది. ఎంత తెలివైన ప్రోగ్రామో అని నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

అత్త వచ్చి కుర్చీ లాక్కుంది. వెనక నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆట తెరిచానో లేదో, బొమ్మ మనిషి ఎవరి మాటా వినకుండా ఎగురుకుంటూ పోయి గుంటలో పడ్డాడు. మళ్లీ పుట్టాడు, మళ్లీ పడ్డాడు.

"యాడికి పోతాండాడే వీడు! నేనింకా ఏమీ ఒత్తలేదు గదా!" అంది అత్త.

"బీకాం అప్లికేషన్ తెప్పిచ్చినాలే" అన్నాడు నాన్న చల్లగా.

రిమోట్ లాక్కుని చూశాను. కూడిక గుర్తు లాంటి మీటకు నాలుగు కొసలా గంధం, గంధం మీద కుంకుమ బొట్లు. (పొద్దున కూడా చూశాను గానీ, బొట్టు లేని వస్తువు కనిపిస్తేనే మా ఇంట్లో అనుమానించాలి. ఫ్యాను స్విచ్చుకు కూడా ఉంటుంది.) కుడి కొసన గంధం సందులోకి దిగి, ఎండి, మీటను నొక్కి పట్టేసింది. స్క్రీన్ అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆ కుడి మీటే జవాబుగా పడిపోయింది. నేను మెచ్చుకున్న జవాబులన్నీ ఆ గంధానివే!

"అవ్వా! దీనికి గంధం పూసిందెవరు?" అని అరిచాను. చీరలు తిరగేస్తున్న వాళ్లంతా తల తిప్పారు. గల్లా పక్కనుంచి మా అవ్వ, అదే నాన్న వాళ్లమ్మ, తాపీగా, "నేనే. కొత్త సామాను పూజ చేయకుండా ముట్టుకుంటారా ఎవరన్నా?" అంది.

చీరకు ట్యాగు గుచ్చే పిన్నీసుతో గంధం గీకి, ప్రశ్నలన్నీ మళ్లీ మొదటి నుంచి అడిగించుకుని, ఒక్కో మీటా నొక్కి జవాబు చెప్పాను. ఈసారి బొమ్మ మనిషి బుద్ధిగా నిలబడ్డాడు. అత్త వేళ్లు తగలగానే ఉరికాడు. గుంట ముందర అత్త తను కూడా కుర్చీలోంచి ఎగిరేది. వేముల నుంచి పెళ్లి చీరలకు వచ్చినావిడ కొంగు బిగించి, "చీరలు యాడికి పోతాయిలే, ముందు ఆ గుంట దాటిచ్చు తల్లీ" అంది. నాన్న ఎప్పుడు చేతులు విప్పాడో తెలియదు గానీ, "నువ్వు జరుగు, ఈడ నాకు తెలుసు" అంటూ చెల్లెలి చేతిలోంచి రిమోట్ గుంజుకోబోయాడు.

"ఇయ్యనంటే ఇయ్యను! ముందు పిల్లను కంప్యూటర్లో చేరుస్తానని చెప్పు!"

"చేరుస్తాలేవే, ఇటియ్యి!" అన్నాడు నాన్న, కళ్లు స్క్రీన్ మీదనుంచి తిప్పకుండానే.

అత్త ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది. తర్వాతిదీ వెళ్లిపోయింది.

ఇప్పుడు నా ఉద్యోగమే ప్రోగ్రాంలలో తప్పులు వెతకడం. అడక్కుండానే అన్నీ నింపుకుపోయే ప్రోగ్రాం కనబడితే ముందు దాన్నే అనుమానిస్తాను. కానీ ఆ పొద్దున బిల్లింగ్ కంప్యూటర్ ముందు ఒళ్లో చేతులు పెట్టుకుని, దాని తెలివికి మురిసిపోతూ కూర్చున్న పిల్ల గుర్తొచ్చినప్పుడు మాత్రం, దగ్గరికి పోయి తప్పు చూపించాలనిపించదు. ఇంకాసేపు అలా మురిసిపోనిద్దామనిపిస్తుంది.