పిలవకుండా వెళ్ళిన తాత

నిన్న పలమనేరు నుంచి వస్తుంటే రోడ్డు పక్కన ఎవరో టమాటాలు పారబోసి ఉన్నారు. ఎండకు మగ్గిన ఆ పుల్లటి వాసన బస్సులోకి రాగానే మా తాత గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. పక్కన కూర్చున్నావిడ ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుంది. పాపం, ఆమెకేం తెలుసు.

తాతది ఇటలీ. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చి, అక్కడ కాయలు ఏరే మా అవ్వను చేసుకొని ఇక్కడే ఉండిపోయాడు. తెలుగంతా ఆ కూలీల దగ్గరే నేర్చాడు. చేతులు ఊపకుండా ఒక్క మాట వచ్చేది కాదు. చేతులు కట్టేస్తే మీ తాత మూగోడే అని అవ్వ ఎగతాళి చేసేది. అంత నవ్వించే మనిషీ అవ్వ తమ్ముడి ఊసొస్తే తల దించుకునేవాడు. ఆ పెళ్ళయిన నాటి నుంచి తమ్ముడు అక్క గడప తొక్కలేదు. తాతను ‘ఆ దొర’ అనేవాడు. పండగొస్తే అవ్వ పొద్దున్నుంచీ వాకిలి వైపే చూసి, మధ్యాహ్నానికి కళ్ళు తుడుచుకొని మాకు వడ్డించేది.

ఏటా ఎండాకాలం తాత టమాటాలు ఉడికించి, వడగట్టి, సీసాల్లో నింపేవాడు. వాళ్ళ ఊళ్ళో ఆ పనికి ఎవరినీ పిలవరట. అయినవాళ్ళంతా కత్తి పట్టుకొని వచ్చి కూర్చోవడమేనట. ఒక ఏడు ధర పడిపోయింది. అవ్వ తమ్ముడు కాయలన్నీ చేనుగట్టున కుప్పపోసి ఆవులకు వదిలేస్తున్నాడని తెలిసింది. వెంటనే తాత కత్తి, గంగాళం ఎత్తుకున్నాడు. పిలవని పేరంటానికి పోయి తిట్లు తినొద్దని అవ్వ అడ్డం నిలబడింది.

“కోసే దినం పిలుపేంది మే? నువ్వూ రా,” అన్నాడు తాత.

అవ్వ వెంట నేనూ వెళ్ళాను. తాత కుప్ప ముందు కూర్చొని, ఎవరినీ పలకరించకుండా కోయడం మొదలుపెట్టాడు. అవ్వ తమ్ముడు మొహం తిప్పుకొని వెళ్ళిపోయాడు. ఎండ నడినెత్తికొచ్చింది. తాత మాత్రం లేవలేదు. చివరికి అవ్వ తమ్ముడే తిరిగొచ్చి ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

“కత్తి ఇట్లియ్యి బావా. ఎండలో ఎంతసేపని కోస్తావు?” అన్నాడు. తర్వాత, తల తిప్పకుండానే, “అక్కా, పొయ్యి యాడ పెడదాం?” అని అడిగాడు.

అవ్వ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. తాత టమాటా చేతులతోనే కళ్ళు తుడుచుకొని మంటకు గంతులేశాడు. అందరం నవ్వాం.

తాత ఇప్పుడు లేడు. మావాళ్ళలో ఎవరైనా అలిగితే, ముందు వాళ్ళే పిలవాలని నేను బిగదీసుకొని కూర్చోను. నేరుగా వాళ్ళ వంటింట్లోకి పోయి, పీట లాక్కొని, ఉల్లిపాయలు అందుకుంటాను. ఒకరిద్దరు పొమ్మన్నారు కూడా. అననీ. మళ్ళీ పోతాను.